పాత గేర్ల సైకిల్: మోజా, మన్నికా?

యాంకర్: నలభై ఏళ్ల నాటి పార్టులున్న రోడ్ బైకులు ఆదివారం రైడ్‌కు తేవద్దని హనుమకొండలో ఒక సైకిల్ గ్రూపు అంది. గొడవ మొదలైంది. అన్నా, సూటిగా అడుగుతా: ఇది ఉన్నోళ్ల షోకే కదా?

మెకానిక్: షోకెందుకు సార్? ఇటలీ కంపెనీ కంపాన్యోలో పాత హబ్బు, అంటే చక్రం నడిమి ఇరుసు భాగం, విప్పండి. లోపల కటోరీ, కోను, వాటి మధ్య తిరిగే విడి గుండ్లు. వెనక చక్రానికి ఒక్కో పక్క తొమ్మిది. రెండు పానాలు, కాస్త గ్రీజు ఉంటే మళ్లీ కొత్తదే.

షాపు యజమాని: ఇప్పుడు గుండ్లన్నీ లోపలే మూసి ఉండే సీల్డ్ బేరింగు వస్తోంది, అరిగితే మార్చేస్తే...

మెకానిక్: మార్చేస్తే, మార్చేస్తే! మీకు గిరాకీ కావాలి.

యాంకర్: అంటే షోకు కాదంటారు?

రైడర్: సార్, గ్రూపు భయం వేరు. గేరు మార్చాలంటే హ్యాండిల్ వదిలి ఫ్రేమ్ కింది గొట్టం మీది లివర్ పట్టుకోవాలి. గుంపులో అది ప్రమాదం. 1990లో జపాన్ కంపెనీ షిమానో గేర్లను బ్రేకు లివర్‌లోకే తెచ్చింది...

మెకానిక్: చెల్లె, ఆ పాత లివర్‌కు గేరు గేరుకూ ఆగే క్లిక్కులే లేవు. వెనక ఐదు పళ్లచక్రాలున్నా ఎనిమిదున్నా అదే పనిచేస్తుంది. 1984లో షిమానో వాళ్ల డ్యూరా-ఏస్ గేర్ల సెట్టుకు క్లిక్కులొచ్చాయి. అప్పటినుంచి లివర్, పళ్లచక్రాలు, ఒకటి మారిస్తే ఇంకోటి కుదరదు. మా నాయిన వరంగల్ అజంజాహీ బట్టల మిల్లు గేటు ముందు పంక్చర్లు వేసేవాడు...

యాంకర్: 1934 నాటి మిల్లు! ఏ గేటన్నా?

(మిల్లు సైరన్, షిఫ్టులు, గేటు ముందు చాయ్. చాలాసేపు అదే నడిచింది.)

షాపు యజమాని: సార్, రోడ్ బైకు సంగతి.

రైడర్: పాత అల్యూమినియం క్రాంకులు, అదే పెడల్ బిగించే కడ్డీలు, పళ్లచక్రాన్ని పట్టే కొమ్మలతో కలిసే మూలల్లో పగులుతాయి. ప్రతి రైడ్‌కు ముందు ఎవరు చూస్తారు?

మెకానిక్: విప్పి, కడిగి, వెలుతురులో చూడాలి. చూడనోడికి కొత్తదైనా విరుగుతుంది! గుండ్లంటే...

రైడర్: నేనడిగింది క్రాంకు...

(ముగ్గురూ ఒకేసారి.)

యాంకర్: షోకే అని ఎవరూ ఒప్పుకోవట్లేదు! సమయం అయిపోయింది. అమ్మా, క్షమించాలి. అన్నా, చివరి మాట మీదే.

మెకానిక్: మొదటి మాటే పూర్తి కాలేదు సార్. ఆ తొమ్మిది గుండ్లు...