214 కోట్లు దాటితే

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, నన్ను పిలిచిన నిర్వాహకులకు, కుర్చీలు చాలక వెనక నిలబడ్డ విద్యార్థులకు కూడా. నాకిచ్చిన అంశం ‘ఫోర్ట్రాన్: నిన్న, నేడు’. ఫోర్ట్రాన్ అంటే లెక్కల కోసం పుట్టిన ప్రోగ్రామింగ్ భాష. నిన్నటి సంగతి త్వరగా ముగిస్తాను. నేను చెప్పాల్సింది వేరే ఉంది.

1957లో జాన్ బ్యాకస్ బృందం ఐబీఎం 704 అనే కంప్యూటర్ కోసం ఫోర్ట్రాన్ తెచ్చింది. అందులో పూర్ణాంకం 32,768 లోపే ఉండాలి. అరేకి, అంటే అంకెల్ని గళ్లలో దాచే పట్టికకి, మూడు డైమెన్షన్లే. ఆ మిషన్లో గడి ఎక్కడుందో లెక్కించడానికి వాడే ఇండెక్స్ రిజిస్టర్లూ మూడే. భాష నియమాల్ని ఖరారు చేసే ప్రమాణం 2008లో డైమెన్షన్లను 15 చేసింది. కానీ ఉత్త ఇంటిజర్ (పూర్ణాంకం) అని రాస్తే ఇవాళ్టికీ చాలా కంపైలర్లలో, అంటే కోడ్‌ని మిషన్ భాషలోకి మార్చే ప్రోగ్రాంలలో, వచ్చేది 32 బిట్లే. అందులో పట్టే పెద్ద అంకె 214,74,83,647.

మా దగ్గర ఒక పరిశోధక విద్యార్థిని ఉండేది. 50,000 వరుసలు, 50,000 నిలువు గళ్లు ఉన్న మాట్రిక్స్ ఆమెది. మొత్తం 250 కోట్ల గళ్లు. పరిమితి సంగతి ఆమెకు తెలుసు, అందుకే మొత్తాన్ని దాచే వేరియబుల్‌ని 64 బిట్లుగానే పెట్టింది. వరుసల సంఖ్య ఎన్ మాత్రం మామూలు ఇంటిజర్. ఎన్‌ని ఎన్‌తో గుణించి అందులో వేసింది. దాచే చోటు పెద్దదే, కానీ గుణకారం 32 బిట్లలోనే జరిగిపోయింది. వచ్చిన అంకె మైనస్ 179,49,67,296.

ఇక్కడ కొంచెం జాగ్రత్తగా వినండి. ఫోర్ట్రాన్‌లో మైనస్ సైజుతో అరే అడిగితే అది తప్పు కాదు. ఒక్క గడీ లేని అరే ఇస్తుంది. ఎర్రర్ రాదు. లూప్ ఒక్కసారీ తిరగదు. మొత్తం కూడితే సున్నా. గంటలు పట్టాల్సిన జాబ్ క్షణాల్లో అయిపోయింది. ఎందుకంత త్వరగా అయిందని ఒక్కరూ అడగలేదు. ఆ సున్నా చూసినవాళ్లు ‘ప్రభావం ఏమీ లేదు, నీ సూత్రమే తప్పు’ అన్నారు. ఆరు వారాలు ఆమె సూత్రాన్నే తిరగరాసింది. 46,000 వరుసలతో చూస్తే లెక్క సరిగ్గానే వచ్చేది, ఎందుకంటే అక్కడ గుణకారం 214 కోట్లు దాటదు. అది ఇంకా టెన్షన్. ఆమె సూత్రంలో ఏ దోషమూ లేదు. ఈ మాట ఆ రోజు ఎవరైనా గట్టిగా అనాల్సింది.

అరే ఒకటి నుంచి మొదలవ్వాలా సున్నా నుంచా అని మనం గంటలు వాదించుకుంటాం. ఫోర్ట్రాన్‌లో మైనస్ నుంచి కూడా మొదలుపెట్టుకోవచ్చు, ఆ తగువు ఎప్పుడో తీరింది. అరే ఎక్కడ ముగుస్తుందో అడగండి, దయచేసి.

మరి 64 బిట్లే డిఫాల్ట్ చేయొచ్చు కదా అంటారు. మామూలు ఇంటిజర్, మామూలు రియల్ (దశాంశాలు పట్టే అంకె) ఒకే సైజులో ఉండాలని ప్రమాణం చెబుతుంది. ప్రోగ్రాం భాగాలు ఒకే మెమరీని పంచుకునే పాత కామన్ బ్లాకులు దాని మీదే నిలబడ్డాయి. కంపైలర్ ఆప్షన్‌తో మార్చితే, 32 బిట్ల అంకె కోసం చూసే లైబ్రరీ దగ్గర దెబ్బతింటాం. నేనైతే ఆప్షన్‌ని నమ్మను. గుణించే ముందే ఎన్‌ని 64 బిట్లకు మార్చాలి. అరేలో ఎన్ని గళ్లున్నాయో చెప్పే సైజ్ ఫంక్షన్ కూడా మామూలు ఇంటిజరే ఇస్తుంది, దానికి కైండ్, అంటే ఏ సైజు ఇంటిజర్ కావాలో, చెప్పాలి. ఆ సదుపాయం 2003 ప్రమాణం నుంచే ఉంది.

ఆమె ప్రోగ్రాంలో మార్చింది ఒక్క వరుస. దాన్ని ఇప్పుడు తెర మీద వేస్తున్నాను. ల్యాప్‌టాప్‌లు తెచ్చినవాళ్లు తెరవండి. మీ కోడ్‌లో రెండు సైజులు గుణించిన చోట్లు వెతకండి. నేను ఆగుతాను.