ప్లేనో, ఫ్రిస్కో కుళాయి నీరు ఇంటి బీరుకు పనికొస్తుందా?

నమస్కారం. ఈ వీడియోలో సమీక్షకు తీసుకున్నది బీరు కాచే కెటిల్ కాదు, బీరుకు చేదునూ వాసననూ ఇచ్చే హాప్స్ పూలు కాదు. డాలస్‌కు ఉత్తరాన ప్లేనో, ఫ్రిస్కో, అలెన్, మెకిన్నీ పట్టణాలలో మన ఇళ్ల కుళాయిల్లో వచ్చే నీరు. తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉంటున్న ఈ పట్టణాలకు నార్త్ టెక్సస్ మునిసిపల్ వాటర్ డిస్ట్రిక్ట్ లావన్ వంటి జలాశయాల నీటిని శుద్ధిచేసి అందిస్తుంది. తాగడానికి ఆ నీటితో ఏ ఇబ్బందీ లేదు. అయితే తాగే నీరంతా నేరుగా బీరుకు పనికొస్తుందనుకోవడం పొరపాటు.

ఇబ్బందికి మూలం క్లోరమైన్. క్లోరిన్‌కు అమోనియా చేర్చి తయారుచేసే ఈ పదార్థాన్ని నీటి సంస్థలు ఎంచుకోవడానికి కారణం, అది మైళ్ల పొడవైన గొట్టాలలోనూ ఆవిరైపోకుండా నిలిచి సూక్ష్మజీవులను అదుపులో ఉంచడమే. సరఫరాకు మేలుచేసే ఆ గుణమే మనకు చిక్కు తెస్తుంది. క్లోరిన్ అయినా క్లోరమైన్ అయినా మాల్ట్‌లోని (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ గింజల్లోని) ఫీనాల్ పదార్థాలతో కలిస్తే క్లోరోఫీనాల్స్ తయారవుతాయి. వందకోట్ల పాళ్లలో కొన్ని పాళ్లున్నా నాలుక వాటిని పట్టేస్తుంది. గాయానికి వేసే ప్లాస్టర్‌లా, ఆసుపత్రి వరండాలా వాసన వేసే ఆ బీరును తరువాత బాగుచేసే మార్గం లేదు.

మామూలు క్లోరిన్ అయితే నీటిని మరిగించినా, మూత తీసి రాత్రంతా ఉంచినా చాలావరకు పోతుంది, కానీ క్లోరమైన్ అంత సులభంగా పోదు. ఇక్కడ మన ప్రాంతానికే చెందిన ఒక మెలిక ఉంది. గొట్టాలను శుభ్రపరచడానికి ఈ సంస్థ ఏటా మార్చిలో కొన్ని వారాలపాటు క్లోరమైన్ మాని మామూలు క్లోరిన్ వాడుతుంది. ఉగాది రోజుల్లో కుళాయి నీటి వాసన కాస్త ఘాటుగా అనిపించడానికి కారణం అదే. ఆ వారాలలో మొదటి బ్యాచ్ కాచి, మరిగిస్తే సరిపోతుందని నిర్ణయించుకున్నవారు, మే నెలలో అదే పద్ధతి పాటించి బీరు ఎందుకు చెడిందో తెలియక, బీరును పులియబెట్టే యీస్ట్‌ను నిందిస్తారు.

పరిష్కారం చాలా చవక. క్యాంప్‌డెన్ బిళ్ళ, అంటే పొటాషియం మెటాబైసల్ఫైట్, ఒక్కటి సుమారు 20 గ్యాలన్ల నీటికి, అంటే 75 లీటర్లకు, సరిపోతుంది. 5 గ్యాలన్ల బ్యాచ్‌కు పావు బిళ్ళను పొడిచేసి, మాల్ట్ వేయకముందే నీటిలో కలిపితే కొన్ని నిమిషాల్లో క్లోరిన్, క్లోరమైన్ రెండింటినీ తటస్థం చేస్తుంది. నెలతో పనిలేకుండా ఏడాది పొడవునా ఇదే వాడమని నా సలహా. జగ్గు ఫిల్టర్ల మీద నాకు నమ్మకం తక్కువ, ఎందుకంటే క్లోరమైన్ పోవాలంటే నీరు బొగ్గు గుండా చాలా నెమ్మదిగా సాగాలి. పాత్రలను బ్లీచ్‌తో కడిగాక మంచినీటితో సరిగా కడగకపోయినా అదే ప్లాస్టర్ వాసన వస్తుంది కనుక, నీటి మీద నేరం మోపేముందు దానినీ చూసుకోవాలి.

ఖనిజాల విషయానికి వస్తే, మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్‌తో, అంటే మాల్ట్ నుంచి ముందే తీసి అమ్మే పాకం లేదా పొడితో, కాచేవారు పెద్దగా ఆలోచించనక్కరలేదు. తయారీలో వాడిన నీటి ఖనిజాలు అందులోనే ఉంటాయి. గింజల నుంచే మొదలుపెట్టి పిల్స్‌నర్ వంటి లేతరంగు బీరు కాచేవారు మాత్రం క్షారగుణం చూసుకోవాలి, ఎందుకంటే మాష్ (మాల్ట్ గింజలను నలిపి వేడినీటిలో నానబెట్టిన మిశ్రమం) పీహెచ్ 5.2 నుంచి 5.6 మధ్య ఉండాలి. అందుకు కుళాయి నీటిలో ఆర్‌వో నీరు (ఖనిజాలు దాదాపు తీసేసిన నీరు) కలిపి, కాల్షియం తగ్గకుండా కొద్దిగా జిప్సమ్ గానీ కాల్షియం క్లోరైడ్ గానీ వేయవచ్చు. స్టౌట్ అనే నల్లటి బీరుకు ఈ శ్రమ అంతగా అవసరం లేదు. మాడ్చిన మాల్ట్‌లోని ఆమ్లగుణం క్షారాన్ని సర్దేస్తుంది.

ఇంట్లో వాటర్ సాఫ్ట్‌నర్ ఉంటే దాని గుండా వచ్చిన నీరు వాడవద్దు. అది కాల్షియాన్ని తీసేసి సోడియం నింపుతుంది, క్షారగుణాన్ని మాత్రం అలాగే వదిలేస్తుంది.

చట్టం గురించి అడిగేవారికి ఒక మాట: అమెరికా ఫెడరల్ చట్టం ఇద్దరు పెద్దలున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల వరకు అనుమతిస్తుంది, అమ్మకం మాత్రం కుదరదు. తెలుగు రాష్ట్రాలలో లైసెన్సు లేకుండా కాచడం ఎక్సైజ్ నేరం, కాబట్టి అక్కడి నుంచి చూస్తున్నవారు దీనిని సమాచారంగా మాత్రమే తీసుకోండి.