రాకెట్ ఎగిరే దీవిలో ఎవరుండేవారు?

శ్రోతలకు నమస్కారం.

శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం ఉందంటే తిరుపతిలో చాలామంది మిద్దెలెక్కి తూర్పు దిక్కుకు చూస్తారు. పిల్లలను భుజాలకెత్తుకుని నేనూ చూశాను. ఆ నిప్పుగీత పైకి లేస్తుంటే నా గుండె ప్రతిసారీ ఉప్పొంగుతుంది.

కానీ ఆ దీవి ఖాళీ నేల కాదు. ఒకవైపు పులికాట్ సరస్సు, మరోవైపు బంగాళాఖాతం, నడుమ అడవి. ఆ అడవిలో తరతరాలుగా యానాదులు ఉండేవారు. 1969లో ఆ చోటును ఎంపిక చేశారు. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి తొలి రోహిణి రాకెట్ ఎగిరింది. యానాదులు తమ అడవిని వదులుకోవలసి వచ్చింది. అప్పట్లో అమలులో ఉన్నది 1894 నాటి భూసేకరణ చట్టం. భూమి మీద హక్కు చూపగలిగినవారికే అందులో పరిహారం. తేనె, దుంపలు, చేపలతో బతికిన మనిషికి పట్టా ఎక్కడిది?

బలవంతపు వలసను అధ్యయనం చేసేవారిని ఇప్పుడు వేధిస్తున్న ప్రశ్న ఇదే: లెక్కలోకి రానివారు ఎవరు? ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ లెక్కన 2024 చివరికి యుద్ధాలు, హింస వల్ల ఇళ్లు వదిలినవారు 12.32 కోట్ల మంది. వారిలో సగానికి పైగా సొంత దేశం దాటలేదు. ఆనకట్టలకు, గనులకు, కర్మాగారాలకు ఊళ్లు ఇచ్చినవారు ఆ సంఖ్యలో లేరు. మన దేశంలో అటువంటివారు 1947 నుంచి 2000 వరకు దాదాపు 6 కోట్ల మంది ఉంటారని పరిశోధకుడు వాల్టర్ ఫెర్నాండెజ్ అంచనా కట్టారు.

లెక్క తేలినా కథ తేలదు. ఆఫ్రికాలో కరీబా ఆనకట్ట కింద మునిగిపోనున్న గ్వెంబె లోయకు 1956లో ఎలిజబెత్ కోల్సన్, థేయర్ స్కడర్ అనే ఇద్దరు పరిశోధకులు వెళ్లారు. జనాన్ని తరలించకముందే వెళ్లి వారి జీవితాన్ని రాసుకున్నారు. తరలించాక కూడా దశాబ్దాల పాటు ఆ కుటుంబాల దగ్గరికే మళ్లీ మళ్లీ వెళ్లారు. నాకు అన్నిటికన్నా విలువైన పద్ధతి ఇదే అనిపిస్తుంది. పరిహారం చేతికందిన నాడు అడిగితే ఒక జవాబు వస్తుంది; ఆ డబ్బు ఖర్చయి, బిడ్డలు పెళ్లీడుకు వచ్చిన నాడు అడిగితే మరొకటి.

తర్వాత సామాజిక శాస్త్రవేత్త మైఖేల్ సెర్నియా నిర్వాసితులకు ఎదురయ్యే ఎనిమిది ముప్పులను గుర్తించారు. భూమి, పని, ఇల్లు పోవడం ఎవరికైనా కనిపిస్తుంది. ఊరందరి ఉమ్మడి సొత్తయిన చెరువు, పచ్చిక, అడవి పోవడాన్ని, చేబదులిచ్చే ఇరుగుపొరుగు చెదిరిపోవడాన్ని కూడా ఆయన నష్టాల్లో చేర్చారు. వీటికి ఏ కాగితం మీదా ధర ఉండదు.

ఇటీవల ఫోన్లూ సాయానికి వచ్చాయి. 2010లో హైతీ భూకంపం తర్వాత సిమ్ కార్డుల కదలికలను బట్టి జనం ఏ దిక్కుకు వెళ్లారో పరిశోధకులు తెలుసుకున్నారు. సాయం ఎటు పంపాలో తేల్చడానికి అది పనికొస్తుంది. అయితే ఫోను లేని ముసలమ్మ ఆ పటంలో కనిపించదు. ప్రాణభయంతో దాక్కున్నవారి జాడ శత్రువు చేతిలో పడితే ఏమవుతుందో వేరే చెప్పాలా? అందుకే వివరాలు సేకరించేవారు ముందు అనుమతి అడగాలి, తర్వాత వాటిని భద్రంగా దాచాలి.

మన దగ్గర చట్టమూ మారింది. 2013 భూసేకరణ చట్టం ప్రకారం, సేకరణకు ముందు మూడేళ్లుగా అడవి మీదనో నీటి వనరుల మీదనో ఆధారపడి బతుకుతున్న కుటుంబం కూడా బాధిత కుటుంబమే. అటవీ ఉత్పత్తులు ఏరుకునేవారు, వేటగాళ్లు, చేపలు పట్టేవారు, పడవ నడిపేవారు అని చట్టం విడివిడిగా పేర్కొంది. కౌలు రైతు, కూలీ కూడా ఉన్నారు. మీ ఊళ్లో సామాజిక ప్రభావ అంచనా కోసం బహిరంగ విచారణ జరిగితే, పట్టాదారుల పేర్లతో పాటు వీరి పేర్లు కూడా చదవమని అడగండి.