పెళ్లికొచ్చిన తోబుట్టువు

అందరికీ నమస్కారం. నేరుగా విషయంలోకి వచ్చేస్తాను. ఒక సినిమా కథ అనుకోండి: ఏళ్ల తరబడి మాటల్లేని అక్కచెల్లెళ్లు ఒక పెళ్లిలో కలుసుకుంటారు. ఈ ఒక్క ముక్క వినగానే మన మనసు కథ చివరికి పరుగెడుతుంది: ఇద్దరూ కావలించుకుని ఏడుస్తారు, ఆ తర్వాత గ్రూప్ ఫోటోలో అందరూ నవ్వుతూ నిలబడతారు. నాకు ఆ ముగింపు అంటే నిజంగా కోపం. పదేళ్లు మోసిన మౌనాన్ని రెండు నిమిషాల కావలింతతో తేల్చేస్తే, ఆ పదేళ్లూ ఆ మనుషులు పడింది ఏమైనట్టు?

మాటలు ఆగిపోతాయి గానీ చనువు ఆగదు, నేను చెప్పదలచుకుంది ఇదే. చాలా ఏళ్ల తర్వాత నా చెల్లెలు గుమ్మంలో నన్ను చూసి అన్న మొదటి మాట, 'ఇంకా గోళ్లు కొరుకుతున్నావా?' ఎలా ఉన్నావని కూడా అడగలేదు. నాకు నవ్వొచ్చింది, ఒళ్లు మండింది, రెండూ ఒకేసారి. బయటివాళ్లెవరూ అంత సూటిగా అక్కడ గుచ్చలేరు. ఇలాంటి సినిమాలో కామెడీ అయినా ఏడుపైనా ఈ చనువులోంచే రావాలి. కామెడీ కోసం ఒక తాగుబోతు బాబాయినీ, ఏడుపు కోసం ఒక జబ్బునీ విడిగా తెచ్చి పెడితే అది అతుకుల బొంత అవుతుంది.

నోవా బామ్‌బాక్ రాసి తీసిన 'మార్గో ఎట్ ద వెడ్డింగ్' 2007లో వచ్చింది. మార్గోగా నికోల్ కిడ్‌మన్, ఆమె తోబుట్టువు పాలీన్‌గా జెన్నిఫర్ జేసన్ లీ. పాలీన్ పెళ్లి చేసుకోబోతోంది, మార్గో తన కొడుకుని వెంటబెట్టుకుని వస్తుంది, వచ్చిన కాసేపటికే వరుడు తనకు నచ్చలేదని తెలిసిపోయేలా చేస్తుంది. వరుడి వేషం జాక్ బ్లాక్‌ది. ఆ మీసం, ఆ వాలకం చూస్తే ముందు నవ్వొస్తుంది, కాసేపయ్యాక మార్గో చెప్పింది పూర్తిగా తప్పు కాదేమో అనిపించి ఇబ్బందిగా ఉంటుంది. మార్గో కథా రచయిత్రి. మీరు నమ్మి చెప్పుకున్న సంగతుల్ని మీ చెల్లెలో అక్కో కథలుగా అచ్చేయిస్తే ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించుకోండి, పాలీన్ గాయం అదే. ఆస్తి గొడవ కాదు, మగవాడి కోసం పోటీ కాదు. నా బతుకు గురించి చెప్పే హక్కు నీకెవరిచ్చారు అన్నదే. తోబుట్టువుల మధ్య నేను చూసిన చాలా తగాదాలు అడుగున ఇదే తగాదా. చిన్నప్పుడు ఏం జరిగిందో ఇద్దరి దగ్గరా రెండు కథలుంటాయి, ఎవరి కథ నిలబడితే వాళ్లు గెలిచినట్టు.

అయినా పాలీన్ మళ్లీ మార్గోకే రహస్యం చెబుతుంది, తను గర్భవతినని. ఎవరికీ చెప్పొద్దంటుంది. అది మార్గో దగ్గర ఆగదు. పాలీన్ మూర్ఖురాలని నేననుకోను. అంత దగ్గరగా చెప్పుకోడానికి ఆమెకి వేరే మనిషి లేదు, అంతే.

దీని పక్కనే పెట్టి చూడాల్సింది 2008లో వచ్చిన 'రేచల్ గెటింగ్ మ్యారీడ్'. జొనాథన్ డెమీ దర్శకుడు, స్క్రిప్ట్ జెన్నీ లూమెట్‌ది. వ్యసన చికిత్స కేంద్రం నుంచి అక్క పెళ్లికి ఇంటికొచ్చిన కిమ్ పాత్రకి ఆన్ హాత్‌వే ఆస్కార్ నామినేషన్ అందుకుంది. ఇంటివాళ్లెవరో తీసుకున్న పెళ్లి వీడియోలా కెమెరా చేతిలో ఊగుతూ తిరుగుతుంటుంది. పాటలు కూడా పెళ్లికొచ్చిన సంగీతకారులు అక్కడికక్కడ వాయించేవే.

అందులో డిష్‌వాషర్ సీన్ ఒకటుంది. గిన్నెలు కడిగే ఆ మెషీన్‌లో ఎవరు తొందరగా గిన్నెలు సర్దగలరని తండ్రికీ కాబోయే అల్లుడికీ పందెం. చుట్టూ జనం, కేకలు, ఈలలు, చూస్తున్న మనం కూడా నవ్వుతూనే ఉంటాం. ఆ హుషారులో కిమ్ కూడా సాయం చేద్దామని మరికొన్ని పళ్లేలు తెచ్చి ఇస్తుంది. వాటిలో ఒకటి చనిపోయిన చిన్న తమ్ముడిది. వాడు కారు ప్రమాదంలో పోయిన రోజు కారు నడిపింది కిమ్, మత్తులో ఉంది. తండ్రి చేయి ఆ పళ్లెం మీద ఆగిపోతుంది, వంటగది అంతా ఒక్కసారిగా చల్లబడుతుంది. ఎవరూ ఎవర్నీ నిందించరు, పాత సంగతి ఎత్తరు. అయినా ఆ ఇంట్లో ఎవరూ మర్చిపోలేదని, కిమ్ ఎంత మంచిగా ఉండాలని చూసినా చేయి వెళ్లి దాని మీదే పడుతుందని అర్థమైపోతుంది. ఇంతకంటే బాగా రాసిన పెళ్లింటి సీన్ నేను చూడలేదు.

ఒక మాట, ముఖ్యంగా స్క్రిప్టులు రాస్తున్నవాళ్లకి. పెళ్లి అనేది మీకు దొరికిన గొప్ప వసతి, ఎందుకంటే ఎవరూ లేచి వెళ్లిపోలేరు. మామూలు రోజైతే గొడవపడ్డ అక్క బ్యాగ్ సర్దుకుని బయల్దేరుతుంది, పెళ్లి రోజున మాత్రం ముఖానికి నవ్వు పులుముకుని వరసలో నిలబడాలి. ఆ టెన్షన్‌ని వాడుకోండి. కాఫీ కప్పు అందించే తీరులో, వేసుకున్న డ్రెస్ గురించి చేసిన చిన్న వ్యాఖ్యలో కోపం బయటపడనివ్వండి. క్షమాపణ డైలాగ్ రాయాలనిపిస్తే రాయండి, మర్నాడు దాన్ని కొట్టేసి సీన్ నిలబడుతుందేమో చూడండి.

ఇప్పుడు మార్గో సినిమాలోంచి చెట్టు సీన్ వేస్తాం. చిన్నప్పుడు చెట్లెక్కేదాన్నని ఆ గొప్ప చూపించుకోడానికి మార్గో పెరట్లో పెద్ద చెట్టెక్కుతుంది, పైకి వెళ్లాక దిగలేకపోతుంది, చివరికి ఫైర్ సిబ్బంది రావాల్సి వస్తుంది. మీరు నవ్వుతారు, నవ్వండి. కానీ కాసేపు మార్గోని వదిలేసి, కింద నిలబడి పైకి చూస్తున్నవాళ్లని చూడండి. లైట్లు ఆపుతారా?