గడ్డకట్టిన జలపాతం ఎక్కబోయే ముందు: శ్రోతల ప్రశ్నలు, శిక్షకుడి జవాబులు

(హైదరాబాద్ స్టూడియో నుంచి ఫోన్-ఇన్ కార్యక్రమం)

వ్యాఖ్యాత: నమస్కారం. జనవరి, ఫిబ్రవరిలో హిమాచల్‌లోని స్పితి, లద్దాఖ్‌లలో జలపాతాలు గడ్డకడతాయి. వాటిని ఎక్కడం నేర్చుకుందామని మన ఊరి నుంచీ వెళ్తున్నారు. సందేహాలు తీర్చడానికి పర్వతారోహణ శిక్షకుడు మనతో ఉన్నారు. మొదటి కాల్ మల్కాజిగిరి నుంచి. చెప్పండి.

శ్రోత: నమస్తే సార్. భువనగిరి గుట్ట మీద రాక్ క్లైంబింగ్ నేర్చుకున్నాను. పడటం నాకు అలవాటే. ఐస్ మీద నేరుగా లీడ్ చేయొచ్చా, అంటే తాడు కింది నుంచి తీసుకెళ్తూ ముందు నేనే ఎక్కొచ్చా?

శిక్షకుడు: వద్దు బాబూ. ఆ అలవాటుతోనే ఇక్కడ ముప్పు. ఐస్ మీద కాళ్లకు క్రాంపాన్లు, అంటే బూట్లకు కట్టే లోహపు పళ్ల చట్రాలు ఉంటాయి. పడుతుండగా వాటి ముందు పళ్లు ఎక్కడో తగులుకుంటాయి. పాదం అక్కడే ఆగిపోతుంది, ఒళ్లు కిందికి పోతుంది. చీలమండ విరిగేది అలాగే. చేతుల్లో ఐస్‌లోకి కొట్టి పట్టుకునే పదునైన యాక్స్‌లు ఎటూ ఉన్నాయి. మొదటి సీజనంతా టాప్ రోప్, అంటే ముందే పైన బిగించిన తాడు మీదే ఎక్కండి. పైన తాడును పట్టి ఉంచే యాంకర్ శిక్షకుడు కట్టాలి, మీరు కాదు.

శ్రోత: తాడు తగిలించడానికి ఐస్‌లోకి తిప్పి దింపే మంచి స్క్రూలు కొనుక్కుంటే?

శిక్షకుడు: స్క్రూ మంచిదైతే సరిపోదు, అది దిగే ఐస్ కూడా మంచిది కావాలి. తిప్పుతుంటే గొట్టంలోంచి ఐస్ కడ్డీలా బయటికి రావాలి. మధ్యలో చేతికి ఒక్కసారిగా తేలికైతే లోపల డొల్ల ఉన్నట్టు, ఆ చోటు వదిలేయండి. ఇదంతా నేల మీద నిలబడి నేర్చుకోవాల్సిన పని.

వ్యాఖ్యాత: కూకట్‌పల్లి నుంచి ఒకరు లైన్‌లో ఉన్నారు.

శ్రోత: సార్, పోయిన ఏడాది బేసిక్స్ చేశాను. యాక్స్ కొడితే పెద్ద పలకలు ఊడి మొహం మీదికి వస్తున్నాయి.

శిక్షకుడు: ఎక్కడ కొడుతున్నారమ్మా, ఉబ్బిన చోటా?

శ్రోత: అవును, అదే దగ్గరగా కనిపిస్తుంది కదా.

శిక్షకుడు: ఉబ్బిన చోట ఐస్ బిగువు మీద ఉంటుంది, దెబ్బ పడగానే పలకలా లేస్తుంది. పక్కనే చిన్న గుంట వెతకండి. చలి బాగా ముదిరిన ఉదయం ఐస్ మరీ పెళుసుగా ఉంటుంది, కాబట్టి బలంగా బాదొద్దు. మణికట్టు విసురుతో ఒకటి రెండు దెబ్బలు చాలు. రెండు యాక్స్‌లకూ మధ్య కనీసం జానెడున్నర ఎడం ఉంచండి. లేదంటే ఒకే పలకతో రెండూ ఊడొస్తాయి. ఇరుక్కుంటే మీ వైపు లాగొద్దు, వదిలిందంటే నేరుగా నుదుటికే. పిడిని పైకీ కిందికీ ఆడించి తీయండి. హెల్మెట్‌తో పాటు కళ్లద్దాలూ పెట్టుకోండి. బైక్ హెల్మెట్ తెస్తానంటారు కొందరు, అది పనికిరాదు.

వ్యాఖ్యాత: ఉప్పల్ నుంచి.

శ్రోత: అన్నా, నేను ఎక్కను. మా దోస్తుకు బిలే ఇస్త, అంటే కింద నిలబడి తాడు పట్టుకుంట. కింద ఉండేటోనికి ఏం భయముండదు కదా?

శిక్షకుడు: అసలు భయం మీకే తమ్ముడూ. ఎక్కేవాడు కొట్టిన ప్రతి ముక్కా కిందికే వస్తుంది, అదీ తిన్నగా రాదు. గట్టుకు తగిలి చిమ్ముతుంది. అతని కిందే నిలబడొద్దు, పక్కకు జరిగి బండ చాటు చూసుకోండి. ‘ఐస్!’ అని అరుపు వినబడితే తల ఎత్తి చూడటం అందరూ చేసే పని. చూడకండి. తల దించి, భుజాలు ముడిచి, గోడకు అతుక్కోండి. తాడును ఆపి పట్టే బ్రేక్ చెయ్యి మాత్రం దాన్ని వదలకూడదు. తడిసి గడ్డకట్టిన తాడు, దాన్ని పట్టి ఆపే బిలే డివైస్‌లో జారుతుంది, వాటంతట అవే పట్టేసే డివైస్‌లు కూడా అప్పుడు నమ్మకంగా పట్టవు. నీళ్లు పీల్చకుండా తయారుచేసిన డ్రై ట్రీటెడ్ తాడే వాడండి. కదలకుండా నిలబడతారు కాబట్టి బిలేకి మందమైన గ్లోవ్స్ విడిగా ఉండాలి. ఇంకోటి, ఎండ గోడ మీదికి రాగానే దిగిపోండి. ఐస్ వెనక నీళ్ల చప్పుడు వినిపించినా అంతే.

శ్రోత: మరి దోస్త్ సగంలో ఉంటే?

శిక్షకుడు: సగంలో ఉన్నా దింపెయ్యి. టాప్ రోప్ కదా, ఎంతసేపు పడుతుంది?

వ్యాఖ్యాత: చివరి కాల్, దిల్‌సుఖ్‌నగర్. త్వరగా అడగండి.

శ్రోత: ట్రెక్కింగ్ బూట్లకే క్రాంపాన్లు కట్టుకోవచ్చా సార్?

శిక్షకుడు: అడుగు వంగే బూటు మీద అవి ఊడిపోతాయి, పిక్కలూ పట్టేస్తాయి. అడుగు వంగని పర్వతారోహణ బూట్లు అద్దెకు తీసుకోండి. మందమైన సాక్సులు వేసుకుని గోడను తన్ని చూడండి, వేళ్లు ముందుకు తగిలితే సైజు పెంచండి. స్ట్రాప్ బిగించక ముందే క్రాంపాన్ బూటును గట్టిగా పట్టి ఉండాలి. ఎక్కేటప్పుడు మడమలు కిందికి దించి ఉంచండి. మడమ లేచిందా, ముందు పళ్లు ఐస్ నుంచి జారతాయి. మెట్టు అంచున మడమ దించి నిలబడి ఇక్కడే సాధన చేయొచ్చు.

శ్రోత: ఫ్లైట్‌లో లేహ్ వెళ్తున్నాం.

శిక్షకుడు: హైదరాబాద్‌లో సుమారు 540 మీటర్ల ఎత్తు నుంచి ఒక్కసారిగా 3,500కి వెళ్తున్నారు. కనీసం రెండు రోజులు ఊరికే ఉండండి. తలనొప్పితో వాంతులైతే పైకి వెళ్లొద్దు. కూర్చున్నా ఆయాసం వస్తుంటే, నడక తూలుతుంటే వెంటనే కిందికి దించాలి. యాక్స్‌లు, క్రాంపాన్లు, స్క్రూలు చెక్-ఇన్ బ్యాగులోనే వేయండి, మొనలకు రబ్బరు తొడుగులు పెట్టి.