విమానం బ్రేకు ఎంత త్వరగా వదలాలి?

అందరికీ నమస్కారం అండి. భీమవరం, నర్సాపురం, అమలాపురం వైపు నుంచి వచ్చిన ఇంజినీరింగ్ పిల్లలే ఎక్కువమంది కనిపిస్తున్నారు కాబట్టి సూటిగా విషయంలోకి వెళ్లిపోతాను. విమానం బ్రేకు అనగానే అది ఎంత గట్టిగా పట్టాలి అనే అడుగుతారు అందరూ. డిజైన్ చేసేవాళ్లకి నిద్రపట్టనివ్వనిది మాత్రం అది ఎంత త్వరగా వదలాలి అన్నదే.

వానాకాలంలో కాలవగట్టు మీద బైక్ వెనక బ్రేకు గట్టిగా తొక్కితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. తడిసిన మధురపూడి (రాజమండ్రి విమానాశ్రయం) రన్‌వే మీద దిగే విమానానికీ అదే భయం. 60 టన్నుల విమానం గంటకు 250 కిలోమీటర్ల వేగంతో నేలని తాకితే దాని గతిశక్తి సుమారు 145 మెగాజౌల్స్, గాలీ, ఇంజిన్ల రివర్స్ థ్రస్టూ (వెనక్కి నెట్టే బలం) కొంత తగ్గించినా మిగతాది బ్రేకులోని కార్బన్ డిస్కులే వేడిగా మింగాలి. చక్రం బిగుసుకుపోబోతోందని యాంటీ-స్కిడ్ (చక్రం జారకుండా చూసే వ్యవస్థ) పసిగట్టగానే బ్రేకు సడలాలి, చక్రం కోలుకోగానే మళ్లీ పట్టాలి, రన్‌వే మీద ఆగేదాకా ఇదే పని.

హైడ్రాలిక్ బ్రేకులో అయితే వాల్వు తెరిస్తే చాలు, ప్రెషర్ దిగిపోతుంది. 2011లో సర్వీసులోకి వచ్చిన బోయింగ్ 787లో ఎలక్ట్రిక్ బ్రేకులు, ఒక్కో చక్రానికి నాలుగు యాక్చువేటర్లు, అంటే డిస్కుల్ని నొక్కే మోటారు యూనిట్లు. మోటారు గేర్లని తిప్పుతుంది, గేర్లు బాల్ స్క్రూని (తిరుగుడుని ముందుకీ వెనక్కీ కదలికగా మార్చే మరని) తిప్పుతాయి, అది డిస్కుల్ని నొక్కుతుంది. వదలాలంటే మోటారు వెనక్కి తిరగాలి. చిక్కంతా ఇక్కడే. గేర్ నిష్పత్తి 60 అనుకోండి, అంటే మోటారు 60 సార్లు తిరిగితే స్క్రూ ఒక్కసారి తిరుగుతుంది. మోటారులో తిరిగే రోటర్ జడత్వం స్క్రూ దగ్గరికి వచ్చేసరికి 60 రెట్లు కాదు, 60 × 60, అంటే 3600 రెట్లు అవుతుంది. చిన్న మోటారు పెట్టి గేరు పెంచేద్దాం అంటే బలం వస్తుంది కానీ చురుకుదనం పోతుంది.

అందుకే సిమ్యులేషన్‌లో స్టెప్ కమాండ్ (బలాన్ని ఒక్కసారిగా పెంచమనే ఆదేశం) ఇచ్చి, గ్రాఫ్ నున్నగా ఎక్కిందని సంతోషపడిపోకండి. సగం బలం దగ్గర నిలబెట్టి, దాని మీద చిన్న సైన్ కమాండ్ (అలలా పైకీ కిందకీ ఊగే ఆదేశం) ఇచ్చి చూడండి. నిజమైన యాక్చువేటర్‌లో శిఖరాలు చదునుగా తెగిపోతాయి: కరెంటు మారుతూనే ఉంటుంది, బలం కదలదు, కాసేపాగి ఒక్కసారిగా గెంతుతుంది. స్క్రూలో, గేర్లలో ఉన్న స్థిర ఘర్షణ పని అది. మీ మోడల్‌లో వేగంతో పెరిగే ఘర్షణ ఒక్కటే రాసుకుంటే ఈ చదును కనిపించనే కనిపించదు, కంట్రోలర్ బ్రహ్మాండంగా ఉందనిపిస్తుంది. పైన ఆకాశంలో గంటలు గడిపి దిగిన విమానంలో గ్రీజు చల్లబడి చిక్కబడి ఉంటుంది, గుర్తుంచుకోండి.

ఇంకో సంగతి, స్క్రూకీ డిస్కులకీ మధ్య ఉండే ఖాళీ. డిస్కులు అరిగేకొద్దీ స్క్రూ ఇంకా ముందుకి రావాలి, తాకే చోటు మారిపోతుంటుంది. దాన్ని కంట్రోలర్ ఎప్పటికప్పుడు కొత్తగా వెతుక్కోకపోతే మొదటి క్షణాలు ఖాళీలోనే పోతాయి. టేకాఫ్ రద్దుచేసి ఆపే సర్టిఫికేషన్ పరీక్షకి కూడా అనుమతించిన అరుగుదలలో 10 శాతానికి మించి మిగలని బ్రేకులే వాడాలంటుంది అమెరికా నియమం. మీ మోడల్‌ని కూడా అరిగిన డిస్కులు, చల్లటి గ్రీజు, తడి రన్‌వే మూడూ కలిపి ఒకే రన్‌లో నడపండి, ఆ ఫైళ్లు పట్టుకొచ్చి అప్పుడు నన్ను ప్రశ్నలు అడగండి.