ఆ 14 వేలూ ఎక్కడికి పోతాయి?

అందరికీ నమస్తే అండీ. ఇవాళ చెన్నై పెరుంగుడిలో మా బాల్కనీలోంచి మాట్లాడుతున్నా. మధ్యలో హారన్లు వినిపిస్తే సర్దుకుపోండి, ఓఎంఆర్ లాంటి రద్దీ ఐటీ రోడ్డు పక్కన ఇల్లంటే అంతే.

నిన్న రాత్రి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అక్కా, బెంగళూరులో చేతికి 92 వేలు, చెన్నైలో 78 వేలు ఇస్తామంటున్నారు. ఇందులో ఆలోచించడానికేముంది?" అని. కొత్తగా పెళ్లయినవాడు. నేనేమో బెంగళూరు బెళ్ళందూరులో నాలుగేళ్లుండి ఇక్కడికొచ్చినదాన్ని. ఉందిరా, కూర్చో అన్నాను.

అక్కడ మా డబుల్ బెడ్‌రూమ్‌కి 38 వేలు కట్టేవాళ్లం. ఇక్కడ 24 వేలు. అంటే ఆ 14 వేలూ ఇంటి ఓనరు దగ్గరే ఆగిపోయాయి! పైగా అక్కడ అడ్వాన్సు. పది నెలల అద్దె అడిగి, బతిమాలితే ఆరుకి దిగారు. 2,28,000 రూపాయలు. హైదరాబాద్‌లో రెండు నెలలకి అలవాటుపడ్డవాళ్లకి గుండె ఆగినంత పనవుతుంది. ఇది ఏ శాలరీ స్లిప్పులోనూ కనపడదు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరు చెప్పి ఒక నెల అద్దె పట్టుకున్నారు. గోడకి మేకు కూడా కొట్టలేదండీ మేం. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఇంకో తమాషా. పాత పన్ను విధానంలో హెచ్‌ఆర్‌ఏ, అంటే జీతంలో ఇచ్చే ఇంటద్దె భత్యం, దాని మినహాయింపుకి 2024-25లో చెన్నైవాళ్లకి బేసిక్ జీతంలో 50 శాతం దాకా లెక్క, బెంగళూరువాళ్లకి 40 శాతమే. అంతంత అద్దెలు కట్టించుకునే ఊరు అప్పటి లెక్కలో మెట్రో నగరం కాదట!

అలాగని చెన్నైని నెత్తిన పెట్టుకోను. అక్కడ ఫ్యానుతో బతికేశాం. ఇక్కడ ఏప్రిల్ వచ్చిందంటే ఏసీ లేనిదే నిద్ర పట్టదు. కరెంటు బిల్లు రెండు నెలలకోసారి వస్తుంది, 500 యూనిట్లు దాటిందా, స్లాబే మారిపోతుంది. మే నెలలో మా ఆయన రిమోట్ దాచేస్తారు.

కానీ మాది నెల్లూరు. ఇక్కడ రైలెక్కితే మూడు గంటల్లో అమ్మ దగ్గరుంటాను. బెంగళూరు నుంచి సంక్రాంతికి ప్రైవేటు బస్సువాళ్లు ఎంత గుంజుతారో మీకు చెప్పక్కర్లేదు.

ఇలా అరగంట చెప్పాక వాడు మెల్లిగా, "అదికాదక్కా, మీ మరదలి ఆఫీసు బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో" అన్నాడు.

ఆ ముక్క ముందే చెప్పొద్దూ!